పిచ్చుక అడిగిన దారి

పొద్దున్నే మేస్త్రి బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. భార్యవి రెండు జతలు, చిన్న కూతురు పిచ్చుకవి మూడు గౌన్లు, అరడజను తువ్వాళ్ళు. మరిగే నీళ్ళలో ఉతికి, రెండు వైపులా వేడి ఇస్త్రీ చేసి, గాలి చొరబడని కవర్లలో పెట్టి తేవాలని ఆస్పత్రివాళ్ళు మొదటిరోజే కాగితం మీద రాసిచ్చారు. ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళలో టైల్స్ వేసి వేసి మొద్దుబారిన వేళ్ళు అతనివి. చిన్న గౌను చేతుల మడతల్లోకి ఇస్త్రీపెట్టె మొన దూర్చడం ఆ వేళ్ళకు అలవడటానికి పది రోజులు పట్టింది.

పొయ్యి మీద టిఫిన్ డబ్బా నీళ్ళలో మరుగుతోంది. అదీ ఆ కాగితంలో ఉన్నదే. వీధిలో చెత్తబండి గంట కొట్టుకుంటూ పోయింది. అప్పుడే భార్య దగ్గర నుంచి ఫోను వచ్చింది.

ఆమె ఇరవై మూడు రోజులుగా ఆస్పత్రిలో పిల్లను ఉంచిన గాజు గది దాటి రాలేదు. పిల్లతోపాటు ఒక్కరినే ఉండనిస్తారు. రోజూ ఈ వేళకు ఫోను చేసి ఏమేం తేవాలో చెప్పేది. ఇవాళ ఏమీ చెప్పలేదు.

"పిచ్చుక నిన్న కూడా ఏమీ తినలేదండీ," అంది. "మూడు రోజులైంది. మాట్లాడదు. గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇంట్లో ఏమైనా జరిగిందా అని డాక్టరుగారు అడిగారు. మందులివ్వడం మా వంతు, బతకాలని మాత్రం పిల్లకే ఉండాలి అన్నారు."

ఏమైనా కావాలని అడిగిందా అన్నాడు మేస్త్రి.

"ఇందాక ఒక్క మాట అడిగింది. 'అమ్మా, మన ఊరు ఇంకా ఉందా' అని. ఉందమ్మా అన్నాను. ఒక్కసారి చూడాలంది. అంతే, మళ్ళీ గోడవైపు తిరిగింది."

మన ఊరు అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలిద్దరి గదిలో ఓ పాత కంప్యూటరు ఉంది. అందులో గళ్ళు గళ్ళుగా ఉండే ఇటుకలతో ఇళ్ళూ వంతెనలూ కట్టుకునే ఆట ఒకటుంది. అక్క కంప్యూటరు ముందు, చెల్లెలు మంచం మీద టాబ్లెట్టుతో, మూడేళ్ళపాటు ఇద్దరూ కలిసి ఆ ఆటలో ఓ ఊరే కట్టేశారు. ఆ ఊరు ఇంట్లో కంప్యూటరులోనే ఉంటుంది. ఇంటి వైఫైలో ఉన్నంతవరకే చేతికందుతుంది. గడప దాటితే లేదు.

సాయంత్రానికల్లా చూపిస్తానని పిల్లకు చెప్పమన్నాడు మేస్త్రి. ఎలా చూపిస్తాడో అతనికి తెలియదు. అయినా మాట నోరు జారింది, దానికి అటువైపు భార్య "చెప్పనా" అని రెండుసార్లు అడిగింది. చెప్పమన్నాడు.

ఫోను పెట్టేశాక పిల్లల గది తలుపు తీశాడు. పదకొండు రోజులుగా ఆ తలుపు తీయలేదు.

ఆ ఊరి సంగతులన్నీ తెలిసినది పెద్దమ్మాయి. పంతొమ్మిదేళ్ళది, కంప్యూటర్ల చదువే చదువుతోంది. ఇప్పుడు ఇంట్లో లేదు. మేనత్త దగ్గరుంటోంది.

పోయినేడు పిచ్చుకకు రక్తంలో జబ్బు వచ్చినప్పుడు ఎముక మూలుగ మార్చాలన్నారు. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే అక్కదే సరిపోయింది. పెద్దది మారుమాట్లాడకుండా ఇచ్చింది. పిచ్చుక లేచి తిరిగింది. ఏడు నెలలకు జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మందులు, మళ్ళీ గాజు గది. ఈసారి కూడా అక్క మూలుగే ఎక్కిస్తామని, వారంలోగా ఒప్పుకోలు కాగితాల మీద సంతకం కావాలని డాక్టరు చెప్పాడు. సంతకం పెట్టాల్సిన రోజున పెద్దది పెన్ను బల్ల మీద పెట్టేసి, నేను ఇవ్వను అంది. ఎందుకో చెప్పలేదు.

ఆస్పత్రి వరండాలో, పదిమంది చూస్తుండగా, మేస్త్రి నోటికొచ్చినంతా అన్నాడు. ఆఖరున అన్న మాట అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నీ చేతులతో నువ్వే చెల్లెలి ప్రాణం తీస్తున్నావు, నువ్వు నాకు పుట్టలేదనుకుంటాను అన్నాడు. పెద్దది ఏడవలేదు. తలూపింది. అటునుంచి అటే బస్సెక్కి మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది.

మేస్త్రి కంప్యూటరు పెట్టె వెనక మీట నొక్కాడు. తెర మీద ఓ మూల పెద్దది పెట్టుకున్న గుర్తు కనబడింది, కింద 'మన ఊరు' అని రాసి ఉంది. దాన్ని నొక్కితే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకి ఆగాయి. ఊరు ఉంది. నిద్ర లేచింది కూడా. దానికి బయటి నుంచి దారి వేయాలి, అంతే.

నాలుగు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. షాపతను ఓ లాప్‌టాప్ పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. సంగతంతా విని, షాపులో తానొక్కడే ఉన్నానని, ఇంటికి రావాలంటే ఎల్లుండేనని చెప్పాడు. మేస్త్రి కదలకుండా నిలబడటం చూసి స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"దీన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు మేస్త్రీ," అన్నాడు. "నువ్వు అపార్ట్‌మెంట్లలో పని చేస్తావు కదా. కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. బయటివాడెవడో వచ్చి లోపలికి పోవాలంటాడు. ఏ ఫ్లాటుకి అని చెప్పకపోతే వాచ్‌మన్ పంపుతాడా? మీ ఇంట్లో రూటరే ఆ వాచ్‌మన్. ఫలానా నంబరు చెప్పుకుని వచ్చినవాణ్ణి ఫలానా గదిలో కంప్యూటరు దగ్గరికి పంపు అని నువ్వు దానికి రాసివ్వాలి."

అది మేస్త్రికి బాగా అర్థమైంది. షాపతను ఓ బిల్లు కాగితం వెనక ఏమేం నొక్కాలో వరుసగా రాశాడు. ఆ ఆటకు వాడే పోర్టు నంబరు ఫోనులో వెతికి ఐదంకెలూ పెద్దగా రాసిచ్చాడు. రూటరు పాస్‌వర్డు తెలియాలన్నాడు. తెలియదన్నాడు మేస్త్రి, పెద్దమ్మాయి మార్చింది. అడగొచ్చు కదా అన్నాడతను. మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడగకపోతే, వెనక చిన్న బెజ్జం ఉంటుంది, పిన్నుతో పది సెకన్లు నొక్కితే అంతా మొదటికొస్తుందన్నాడు షాపతను.

అంతా మొదటికి రావడమంటే ఏమిటో నొక్కాక తెలిసింది. రూటరు మీద దీపాలన్నీ ఆరి, ఒక్కొక్కటే వెలిగి, నెట్టు దీపం మాత్రం ఎర్రగా ఉండిపోయింది. ఇంట్లో ఉన్న కాస్త నెట్టూ పోయింది. నెట్టు కంపెనీకి ఫోను చేస్తే సంగీతం వినిపిస్తూ నలభై నిమిషాలు నిలబెట్టారు. ఆ నలభై నిమిషాలూ అతను ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండా ఎర్ర దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి ఓ అమ్మాయి పలికి, లైనుకు ఉండాల్సిన పేరూ పాస్‌వర్డూ చదివింది. చెమట చేతులతో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి దీపం పచ్చబడింది.

బిల్లు కాగితంలో ఉన్నట్టే రూటరు పేజీ తెరిచి నంబరు రాశాడు. ఇంకో గడిలో కంప్యూటరు అడ్రసు రాయాలి. అది పెద్దమ్మాయి నోటుపుస్తకం అట్ట వెనక రాసి ఉంటే చూసి రాశాడు. టీసీపీ, యూడీపీ అని రెండున్నాయి. మొదటిదే కదా అని టీసీపీ పెట్టి సేవ్ నొక్కాడు. బయటి నుంచి వచ్చేవాళ్ళు కొట్టాల్సిన అంకెలు భార్యకు చదివి చెప్పాడు. ఆమె తన ఫోను నెట్టుతో టాబ్లెట్టులో కొట్టింది. తిరుగుతోందండీ అంది. ఇంకా తిరుగుతోందంది. తర్వాత, రాలేదంది.

ఆరుసార్లు మార్చాడు, ఆరుసార్లూ రాలేదు. ఏడోసారి ఏం చేయాలో తోచక, అన్ని పోర్టులూ ఈ కంప్యూటరుకే వదిలెయ్యి అన్నట్టున్న మీట ఒకటి కనిపిస్తే దాన్నీ నొక్కేశాడు. అప్పుడూ రాలేదు.

"పిచ్చుక చూస్తోందండీ," అంది భార్య గొంతు తగ్గించి. "మీరు చెప్పిన దగ్గర్నుంచి టాబ్లెట్టు పట్టుకునే పడుకుంది. ఇప్పుడు తిరిగి నా చేతికిచ్చేసింది."

పదకొండున్నరకు బట్టల కవర్లూ డబ్బా తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. మూడో అంతస్తులో గాజు గోడకు బయట ఓ ఫోను వేలాడదీసి ఉంటుంది, లోపల ఇంకోటి. పిచ్చుక వీపు కనబడింది. పదకొండేళ్ళ పిల్ల, ఏడేళ్ళ పిల్లంత అయిపోయింది. జుట్టు లేని తల వెనక చిన్న గుంట ఒకటుంది. పురిట్లో ఎత్తుకున్నప్పుడు చూసిన గుంటే అది.

భార్య లోపలి ఫోను తీసింది. మాస్కు పైన కళ్ళే కనబడుతున్నాయి.

"పెద్దదానికి ఫోను చెయ్యండి," అంది.

అది వస్తుందా అన్నాడు.

"మీరు పిలిచారా?"

పెద్దదానికి చెల్లెలి మీద అంత ప్రేమే ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదన్నాడు మేస్త్రి. పాతికేళ్ళ కాపురంలో ఆమె అతని మీద గొంతెత్తింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు, పక్కన పిల్ల ఉంది.

"మనం దాన్ని ఇవ్వమన్నాం. ఎందుకివ్వవని తిట్టాం. ఎందుకమ్మా అని మాత్రం ఒక్కరం కూడా అడగలేదండీ. నేనూ అడగలేదు. నాకు ఈ గదిలో ఉన్నది ఒక్కతే కూతురైపోయింది. పెద్దది ఎటు పోయిందో చూసుకోలేదు." ఆమె కళ్ళు తుడుచుకోబోయి, చేతికి గ్లవుజు ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. "సంతకం సంగతి ఎత్తొద్దు. ఆ ఆట దారి ఎలా తెరవాలో అడగండి. చెల్లెలు అడిగిందని చెప్పండి. చాలు."

మేనత్త, అంటే మేస్త్రి చెల్లెలు, మార్కెట్టు వెనక సందులో బట్టలు కుడుతుంది. ముందు గదిలో రెండు మిషన్లు, గోడ నిండా హ్యాంగర్లు. మేస్త్రి వెళ్ళేసరికి పెద్దమ్మాయి కింద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. తండ్రిని చూసి సూది ఆపింది, తల మాత్రం ఎత్తలేదు. మేనత్త మిషను మీద నుంచి లేచి, "కూర్చో అన్నయ్యా, మంచినీళ్ళు తెస్తాను," అని లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు.

మేస్త్రి కూర్చోలేదు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఎటో పోయాయి. పిచ్చుక మూడు రోజులుగా తినలేదని, మన ఊరు చూడాలందని, పొద్దుట్నుంచీ తిప్పలు పడుతున్నా రావడం లేదని చెప్పాడు. జేబులోంచి బిల్లు కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. దాని మీద అతను కొట్టేసి మళ్ళీ రాసుకున్న అంకెలు ఇటుక పొడిలా అలుక్కుపోయి ఉన్నాయి.

పెద్దది కాగితం చాలాసేపు చూసింది.

"రీసెట్ నొక్కావా?"

"నొక్కాను."

"అన్ని పోర్టులూ వదిలేసే మీట?"

"అదీ నొక్కాను."

"ఇల్లంతా తలుపులు బార్లా తీసి పెట్టావు నాన్నా," అంది. హుక్కుల డబ్బా మూత పెట్టి లేచి చెప్పులేసుకుంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఇంటికి రాగానే ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, తండ్రి తెరిచి పెట్టిన మీట ముందుగా మూసేసింది. అలా వదిలేస్తే దారినపోయే ప్రతివాడూ తలుపు తోసి చూస్తాడని, ఒక్క పోర్టే తెరవాలని, ఊళ్ళోకి రానిచ్చే పేర్లు కూడా రెండే పెట్టానని చెప్పింది. రీసెట్టుతో ఇంట్లో కంప్యూటరు అడ్రసు మారిపోయిందని, అతను పాత అడ్రసే రాశాడని చూపించింది. ఇకమీదట మారకుండా దాన్ని కట్టేసింది.

"ఇది టీసీపీ కాదు, యూడీపీ," అంది. మేస్త్రి తల వంచుకుని వింటున్నాడు. తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఇలాగే నిలబడేవారు.

అన్నీ సరిచేసి అమ్మకు ఫోను చేస్తే, రాలేదంది.

పెద్దది రూటరు పేజీలో ఓ అంకెల వరుస చూసింది, ఫోనులో ఇంకో వరుస చూసింది. రెండూ ఒకటి కాదు. నెట్టు కంపెనీవాళ్ళు చాలా ఇళ్ళకు కలిపి ఒకే అడ్రసు ఇచ్చారు. బయటినుంచి చూస్తే వీళ్ళ ఇంటికంటూ విడిగా అడ్రసే లేదు. ఇంట్లో తలుపు ఎంత తెరిచినా లాభం లేదు, వీధి మొదట్లోనే గోడ ఉంది.

ఆమె కంపెనీకి ఫోను చేసింది. సొంత అడ్రసు కావాలంటే అర్జీ పెట్టుకోవాలని, రెండు రోజులు పడుతుందని అటునుంచి ఓ మగ గొంతు చెప్పింది. పెద్దది ఇవాళే కావాలంది. రెండు రోజులేనండీ అన్నాడతను మర్యాదగా. ఆమె మళ్ళీ అదే మాట అంది. మేస్త్రి ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"బాబూ, నేను టైల్స్ వేసుకునేవాణ్ణి. నాకు ఇవేమీ తెలియవు," అన్నాడు. "మా చిన్నమ్మాయి ఆస్పత్రిలో గాజు గదిలో ఉంది. మేమెవరం లోపలికి పోకూడదు. దానికి రెండు రోజులు ఉంటాయో లేదో నాకు తెలియదు. ఈ ఒక్కటే అడిగింది. నీ చేతిలో ఉన్న పనైతే చేసిపెట్టు. లేదంటే లేదని చెప్పు, ఇంకో దారి వెతుక్కుంటాను."

అతను, కట్ చేయకండి అన్నాడు. మళ్ళీ వచ్చి, మా సార్ ఒప్పుకున్నారు, అరగంటలో మారుతుంది, ఈలోగా రూటరు ఆపేసి ఉంచండి అన్నాడు.

పెద్దది రూటరు తీగ పీకింది. దాని మీద దీపాలన్నీ ఆరాయి. ఇక ఆ అరగంట చేయడానికి ఏమీ లేదు. చెల్లెలి మంచం మీద కూర్చుని ఆమె పోయినేడు సూదులు గుచ్చిన తన మోచేతుల మడతల వంక చూసుకుంటోంది. మేస్త్రి కింద గచ్చు మీద కూర్చున్నాడు. ఆ గచ్చు అతను వేసిందే.

"ఎందుకమ్మా?" అని అడిగాడు. "తిట్టడానికి కాదు. నాకు తెలియక అడుగుతున్నాను."

పెద్దది పలికినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, దానికే మేస్త్రికి భయమేసింది.

"జబ్బు తిరగబెట్టినప్పుడు డాక్టరుగారు మీ ఇద్దరితో మాట్లాడుతుంటే నేను తలుపు దగ్గరే ఉన్నాను. అక్క కణాలు జబ్బును గుర్తుపట్టలేకపోయాయి అన్నారు. నా మూలుగే నాన్నా. లోపలికి పోయి అది చేయాల్సిన పని చేయలేదు. మళ్ళీ అదే ఎక్కిస్తామంటే నాకు చేతులు ఆడలేదు. నేను ఇవ్వనంటే ఇంకెవరిదైనా మంచిది వెతుకుతారనుకున్నాను. ఈసారి కూడా పోతే, రెండుసార్లూ నేనే..." ఆగింది. "ఆ రోజు వరండాలో నువ్వన్నావే, నీ చేతులతో నువ్వే అని. నేను లోపల అనుకుంటున్నదే. నీకెలా తెలిసిందా అనుకున్నాను."

ఆ రోజు పిల్ల ఎందుకు తలూపిందో మేస్త్రికి ఇప్పుడు తెలిసింది. కోపంతో విసిరిన మాటను అది తీర్పులా పట్టుకుని, పదకొండు రోజులుగా హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. మోకాళ్ళ మీదే జరిగి వెళ్ళి ఆమె పాదాల దగ్గర ఆగాడు. అలా కూర్చోకు నాన్నా అంటూ ఆమె కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నేనన్నది నా భయం తల్లీ. నీ తప్పు కాదు. ఎవరినో ఒకర్ని తిట్టకపోతే తల పగిలిపోయేలా ఉంది, నువ్వు ఎదురుగా ఉన్నావు," అన్నాడు. ఇంకెవరిదీ సరిపోలేదని, లోకమంతా వెతికారని డాక్టరు చెప్పిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "నువ్వు ఇవ్వొద్దు. ఇంకోసారి ఎవరం అడగం. నువ్వు ఇంటికి రా. నాకు ఇద్దరూ కావాలి."

అప్పుడు ఏడ్చింది పెద్దది. చెల్లెలి దిండులో మొహం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. మేస్త్రి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అలాగే ఉంచాడు.

అరగంట గడిచి ఇంకో పది నిమిషాలు అయ్యాక తీగ పెట్టారు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఈసారి రెండు వరుసల అంకెలూ ఒకటే. పెద్దది వాటిని అమ్మకు చదివి చెప్పి ఫోను బల్ల మీద పెట్టింది. ఇద్దరూ నల్ల కిటికీ వంకే చూస్తున్నారు.

తిరుగుతోంది అంది అమ్మ. ఇంకా తిరుగుతోందంది.

నల్ల కిటికీలో కొత్తగా ఓ తెల్ల వరుస పడింది. పిచ్చుక లోపలికి వచ్చిందని ఉంది అందులో.

పెద్దది గబగబా తన బొమ్మను ఊళ్ళోకి దించింది. తెర మీద వంతెనలు, కిటికీలు, చివరన గళ్ళ నేల ఉన్న ఓ దుకాణం. మేస్త్రి ముందుకు వంగాడు. దుకాణం ముందు, పిల్లలు అంటించిన బోర్డు మీద, నాన్న టైల్స్ అని ఉంది. మూడేళ్ళుగా ఈ గది పక్కనుంచే పోతున్నాడు, ఎన్నడూ చూడలేదు. దుకాణం వాకిట్లో పొట్టి బొమ్మ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

కింద అక్షరాలు పడసాగాయి. ఒక్కో మాటకు మధ్య చాలాసేపు పడుతోంది. వేళ్ళు వణుకుతున్నాయని అమ్మ చెప్పింది, అయినా తనే కొడతానంటోందట.

అక్కా నువ్వేనా, అని వచ్చింది.

నేనేనని కొట్టింది పెద్దది.

నా మీద కోపం పోయిందా, అని వచ్చింది. నీ మీద నాకెందుకు కోపం అని అక్క అడిగింది. ఈసారి జవాబు రావడానికి మరీ ఆలస్యమైంది. మేస్త్రి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

నువ్వు అంత నొప్పి పడి ఇచ్చావు. నేను పాడుచేశాను. అందుకే రావట్లేదు అనుకున్నా.

పెద్దది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాడుచేసింది నువ్వు కాదే, నాదే సరిగ్గా పనిచేయలేదు, నా వల్లే మళ్ళీ వచ్చింది అని కొట్టింది. పొట్టి బొమ్మ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నాలుగడుగులు వేసి అక్క బొమ్మ పక్కకు వచ్చి ఆగింది.

పిచ్చిదానా, అని వచ్చింది. ఏడు నెలలు బాగున్నా కదా. బడికి వెళ్ళా. సైకిల్ నేర్చుకున్నా. అది నువ్విచ్చిందే.

మేస్త్రి చూపు మసకబారి తెర మీద గళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ ఏడు నెలల్నీ తామందరూ పోగొట్టుకున్న లెక్కలోనే వేసుకున్నారు. వీధి చివరిదాకా సైకిల్ వెనక పరిగెత్తింది తనే. ఒక్క చేత్తో సీటు పట్టుకుని, వదిలేశానని చెప్పకుండా వదిలేసి, పిల్ల కేక వింటూ నిలబడిపోయిన సాయంత్రం ఒకటుందని ఇన్నాళ్ళూ మరిచిపోయాడు.

ఫోనులో అమ్మ గొంతు వినిపించింది. "పాలు అడుగుతోందండీ," అంది. "రెండు చెంచాలే తాగుతుందట."

మర్నాడు ఉదయం పెద్దది తనంతట తానే ఆస్పత్రికి బయల్దేరింది. వద్దమ్మా, నిన్నటి మాట మీద వెళ్ళొద్దు, ఇంకా ఆలోచించుకో అన్నాడు మేస్త్రి. ఆలోచించుకునే వెళ్తున్నానంది. దాతలతో మాట్లాడే డాక్టరమ్మ వేరే ఉంటుంది. ఇంట్లోవాళ్ళ ఒత్తిడి ఏమైనా ఉందా అని విడిగా అడగాలి, మీరు బయట ఉండండి అని ఆమె మేస్త్రితో చెప్పింది. అతను చేతులు జోడించి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గంట దాటింది. లోపల పెద్దది తన మూలుగ గురించి అడిగిందట. జబ్బు తిరగబెట్టడంలో ఎవరి తప్పూ లేదని, ఈసారి మందులు కూడా వేరని, అయినా మాట ఇవ్వలేమని డాక్టరమ్మ దాచకుండా చెప్పిందట.

బయటికి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"సంతకం పెట్టాను," అంది. ఇంకాసేపటికి, "భయంగా ఉంది నాన్నా," అంది.

"నాకూ," అన్నాడు మేస్త్రి.

మూలుగ ఎక్కించిన తర్వాతి పద్దెనిమిది రోజులు ఎలా గడిచాయో ఇంట్లో ఎవరూ ఇప్పటికీ సరిగ్గా చెప్పలేరు. పిచ్చుకకు రెండుసార్లు జ్వరం నూటనాలుగు దాటింది. ఒక రోజంతా తల్లిని కూడా గుర్తుపట్టలేదు. నర్సు రోజూ పొద్దున గాజు తలుపు పక్కన పలక మీద తెల్ల రక్తకణాల సంఖ్య రాసేది. పద్దెనిమిది రోజులూ అక్కడ సున్నా, దాని పక్కన తేదీ.

పంతొమ్మిదో రోజున నర్సు పలక తుడిచి, నూట నలభై అని రాసింది. అంటే అక్క మూలుగ లోపల పని మొదలుపెట్టింది. అది ఎంత చిన్న సంఖ్యో, ముందు ఎంత దూరముందో మేస్త్రికి తెలుసు. గాజు అవతల భార్య రెండు చేతులూ గ్లవుజులతో సహా మొహానికి అడ్డం పెట్టుకుంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. పెద్దది ఆ పలకకు ఎదురుగా, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. పద్దెనిమిది రోజులూ నర్సు రాసేటప్పుడు అలాగే నిలబడేది.

"కళ్ళు తెరువమ్మా," అన్నాడు మేస్త్రి.